రెండు సీట్ల చిన్న బండి

కుట్టు గది,
వానలు మొదలైన వారం

చిరంజీవి బావమరిదికి,

మనిద్దరి మధ్య ఇది మొదటి ఉత్తరం. ఇన్నేళ్లూ ఆ పని మీ అక్క చూసుకునేది. చివర్లో ‘మీ బావ నిన్ను అడిగానని చెప్పమన్నారు’ అని నా తరఫున కూడా తనే రాసేసేది. నిజానికి నేను ఏనాడూ చెప్పమన్నది లేదు, మిషను తొక్కుకుంటూ కూర్చునేవాణ్ని. ఇప్పుడు నా తరఫున నేనే అడగాల్సి వచ్చింది. ఎలా ఉన్నావు?

ఇక్కడ అంతా క్షేమం అని రాయడం ఆనవాయితీ. ఇక్కడ నేను ఉన్నాను, అంతవరకు నిజం.

సంగతి బండి గురించి. మీ అక్కను సాగనంపడానికి వచ్చినప్పుడు నువ్వు షెడ్డు దాకా వచ్చి, గొళ్లెం మీద చెయ్యి వేసి, తలుపు తియ్యకుండానే వెనక్కి తిరిగావు. అందుకని లోపల ఎలా ఉందో నీకు తెలియదు. బండి నాలుగు దిమ్మల మీద ఉంది. ఇంజను మొత్తం విప్పేసి ఉంది. ముక్కలన్నీ పళ్లేల్లో, డబ్బాల్లో, పాత దుప్పటి మీద పరిచి ఉన్నాయి. ఒంట్లో బాగోలేదని తెలిసే విప్పింది. ‘విప్పితే బిగించడానికైనా బతుకుతాను లెండి’ అంది. నేను నమ్మాను.

ఎవరో మీ నాన్న వర్క్‌షాపులో మరమ్మతుకిచ్చి మళ్లీ మొహం చూపించని బండి అది, నీకు నేను చెప్పేదేముంది. కోటీశ్వరులకు ఇళ్లంతేసి కార్లు చేసే కంపెనీ, ఎందుకో బుద్ధిపుట్టి కొద్ది ఏళ్లు మాత్రం చేసిన చిన్న కారు. ‘ఏనుగుల ఇంట్లో పుట్టిన కుందేలు పిల్ల’ అనేది మీ అక్క. ఇలాంటివి లోకం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయని, బండిని అడుగుతున్న పాత కార్ల మ్యూజియం ఆయన అంటాడు. ఇంజను మోగిన రోజున బండి మీదేనని ఆయనకు మీ అక్క మాట ఇచ్చింది. మోగకపోతే ముక్కలుగానే తీసుకెళ్లి అద్దాల పెట్టెల్లో పెడతామంటున్నాడు. మంచివాడే కానీ, ఆ మాట నాకు మింగుడు పడలేదు. తను ముక్కలు చేసింది మళ్లీ కలపడానికే కదా.

నువ్వు రా. వచ్చి బిగించి వెళ్లు.

మీ బావ

—

ఓడల మరమ్మతు కార్ఖానా,
లేత్ షెడ్డు వెనక గది

బావగారికి నమస్కారం.

మీ ఉత్తరం చేరింది. నేను రాలేను. సెలవు దొరకదు, దొరికినా రాను.

మా నాన్న షాపులో ఒకటే చట్టం ఉండేది. విప్పిన చేయే బిగించాలి. ఏ మర ఎంత బిగువుగా ఉంది, ఏ వాషరు ఏ వైపు తిరిగి ఉంది, ఇవి చేతికి గుర్తుంటాయి కానీ నోటికి రావు. ఒకరు విప్పినదాన్ని ఇంకొకరు ముట్టుకుంటే నాన్న తిట్టేవాడు కాదు, రోజంతా మాట్లాడడం మానేసేవాడు. ఒకసారి అక్కకు జ్వరం వస్తే తను విప్పిన కార్బ్యురేటర్ తను లేచేదాకా బల్ల మీద అలాగే ఉంది. బండిగలాయన రోజూ వచ్చి అరిచి పోయేవాడు. నాన్న వినలేదు.

ఈ ఇంజను అక్క విప్పింది. ఆ చెయ్యి లేదు. ముక్కలుగానే ఇచ్చేయండి.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
మీ బావమరిది

—

కుట్టు గది,
వాన వెలిసిన రోజు

చిరంజీవి బావమరిదికి,

మీ నాన్నగారి చట్టం గొప్పదే. కానీ మా వృత్తిలో ఆ చట్టం ఉంటే కొంప మునుగుతుంది. గుడ్డ కత్తిరించిన దర్జీ చచ్చిపోతే ఇంకో దర్జీ కుడతాడు. లేకపోతే పెళ్లికొడుకు ఏం కట్టుకుని నిలబడాలయ్యా? మా గురువుగారు పోయినప్పుడు ఆయన కత్తిరించి వదిలిన కోట్లు నేనే కుట్టాను. సుద్దగీతల మీద ఆయన వేలిముద్రలు ఇంకా ఉన్నాయి. కుడుతున్నంతసేపు ఏడ్చాను. కుట్టు మాత్రం తప్పలేదు.

నువ్వు రానన్నావు, సరే. నేనే మొదలుపెడతాను. మీ అక్క విప్పుతున్నప్పుడు పక్కన దీపం పట్టుకున్నది నేను. చేతికి గుర్తు లేకపోయినా కంటికి కొంత గుర్తుంది. ఒక్కో ముక్కకు ఒక్కో గుడ్డపేలిక కట్టి, దాని మీద సుద్దతో రాస్తున్నాను. పేర్లు తెలియనివాటికి నా పేర్లే పెట్టాను. పుట్టగొడుగు, పెద్ద కాజా, చిన్న కాజా, మామగారి ముక్కు.

నాకు చెప్పేవాళ్లు లేకపోతే సైకిలు షాపువాడిని పిలుస్తాను. ‘సుత్తి ఉంటే ఏదైనా కూర్చుంటుంది సార్’ అని ఇప్పటికే ధైర్యం చెప్పి వెళ్లాడు.

అక్క మనదైతే బావ మనవాడా అన్నారు. ఆ అక్కే లేనప్పుడు బావ సంగతి చెప్పేదేముంది. నీ మీద నాకు హక్కు లేదని తెలిసే అడుగుతున్నాను. నువ్వు అక్కడినుంచి రాయి, నేనిక్కడ బిగిస్తాను.

మీ బావ

—

లేత్ షెడ్డు వెనక గది

బావగారికి,

సుత్తి పట్టుకున్నవాణ్ని ఆ షెడ్డు గడప తొక్కనివ్వకండి. మీకు పుణ్యముంటుంది.

మీరు పుట్టగొడుగులు అన్నవి వాల్వులు. పెద్ద కాజా, చిన్న కాజా ఏవో బొమ్మ గీసి పంపండి. మామగారి ముక్కు అంటే నూనె పోసే గొట్టం అయ్యుంటుంది. నాన్న బతికుంటే మీకు పిల్లనిచ్చినందుకు విచారించేవాడు.

ముందు కిరసనాయిలుతో అన్నీ కడగండి. ఆరబెట్టండి, గుడ్డతో తుడవకండి, నూలుపోగు ఒక్కటి లోపల ఉండిపోయినా నూనె దారి మూసుకుపోతుంది. ఈ మాట దర్జీకి చెప్పాల్సి రావడం నా ఖర్మ. పిస్టన్లు రెండే, పెద్ద ఇబ్బంది లేదు. వాటి చుట్టూ వేసే రింగులు మాత్రం పెళుసు. బిగుతు గాజులు తొడిగినట్టు ఓపికగా, ఒక పక్కనుంచి జార్చాలి. కోపం వస్తే పక్కనపెట్టి బయటికి పోయి రండి. అక్క అలాగే చేసేది. నాకు రింగులు వెయ్యడం నేర్పింది తనే. మొదటిది విరగ్గొడితే నాన్నకు తెలియకుండా దాచి, ‘వీడు నట్టు, ఎక్కడ పెడితే అక్కడే బిగుసుకుపోతాడు’ అంది. అప్పటినుంచి ఇంట్లో నా పేరు నట్టు.

ఇరుసులు తిరిగేచోట అరిగిపోయిన ఇత్తడి బుష్షుల కొలతలు దారంతో తీసి పంపండి. ఇక్కడ లేత్ మీద కోసి పంపుతాను. పని అయ్యాక మేస్త్రీ ఉండనిస్తాడు.

బావమరిది

—

షెడ్డు,
ఎండలు కాస్తున్నాయి

బావమరిదీ,

బుష్షులు అందాయి. తడిమి చూసుకుంటే పట్టుగుడ్డలా ఉన్నాయి. ఏమాత్రం రాపిడి లేకుండా కూర్చున్నాయి. పిస్టన్లు లోపలికి వెళ్లాయి. రింగు ఒకటి విరిగింది. అబద్ధం ఎందుకు, రెండు విరిగాయి. మీ అక్క డబ్బాలో అదనంగా దాచినవి దొరికాయి. నా సంగతి ముందే ఊహించినట్టుంది.

అసలు విశేషం క్లచ్ దగ్గర ఉంది. గరాటాలాంటి ఇనుప దిమ్మ చుట్టూ తోలుపట్టీ చుట్టి రివెట్లు కొట్టాలని బుష్షులతో పంపిన చీటీలో రాశావు. తోలును తిన్నగా పట్టీలా కోసి చుడితే ఒక అంచు బిగుసుకుని ఇంకో అంచు వదులైపోయింది. నువ్వు చెప్పినట్టు ఆముదంలో నానబెట్టి లాగినా అంతే. రెండు తోళ్లు పాడయ్యాక తల్లో దీపం వెలిగింది. ఇది గొడుగు గౌను నడుము కదయ్యా! వంపుగా కత్తిరించాలి. కాగితం మీద గీసి, సుద్ద పెట్టి, కత్తెర ఒక్క చుట్టు తిప్పాను. చేతికి చొక్కా కఫ్ తొడిగినట్టు కూర్చుంది. షెడ్డులో ఒక్కణ్నే గట్టిగా నవ్వాను. ఆ నవ్వు విని పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి, పాపం, తల తిప్పేసుకుంది.

అక్కడ భోజనం ఎక్కడ? పెళ్లి చేసుకోమని మీ అక్క పోరి పోరి అలిసిపోయింది. నేను ఇప్పుడు మొదలుపెట్టను. మాకు పిల్లల్లేరు, నీకు పెళ్లే లేదు, ఇద్దరికిద్దరం సరిపోయాం.

ఒకసారి వచ్చి చూసి పోరాదూ? నేనే వద్దును కానీ బండిని ఇలా వదిలి ఎలా కదలను.

బావ

—

లేత్ షెడ్డు వెనక గది

బావా,

గొడుగు గౌను మాట మా మేస్త్రీకి చదివి వినిపించాను. ముప్పై ఏళ్లలో ఆయన నవ్వగా నేను చూడలేదు, ఇవాళ చూశాను. అక్క ఉంటే మీకు కార్ఖానాలో ఉద్యోగం ఇప్పించమనేది.

భోజనం క్యాంటీన్లోనే. రేకు పళ్లెం, పొడవాటి బల్ల, మిషన్ల హోరు చెవుల్లోంచి పోకముందే తినేయడం అవుతుంది. ఎవరూ ఎవరితో మాట్లాడరు. మొదట్లో బాధనిపించేది. ఇప్పుడు మీ ఉత్తరం వచ్చిన రోజు జేబులో పెట్టుకుని, తినేటప్పుడు చదవకుండా, గదికి వెళ్లాక చదువుతాను. ఎందుకో అలా అలవాటైంది.

ఇక నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో. దాని పళ్లచక్రం మీద అక్క ఉలితో చిన్న గీత పెట్టి ఉంటుంది, వెతకండి. ఆ గీత ఎదుటి గీతకు సరిగ్గా ఎదురు రావాలి. అదొక్కటే గండం. అది దాటితే రేడియేటర్లో నీళ్లు, ట్యాంకులో పెట్రోలు పోసి ముందునుంచి హ్యాండిలు తిప్పడమే. తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచండి, హ్యాండిలు చుట్టూ పిడికిలి బిగించకండి. ఇంజను వెనక్కి తంతే మణికట్టు విరుగుతుంది. సూది పట్టుకునే చెయ్యి మీది.

మోగిన రోజు ముందు నాకు రాయండి, తర్వాత మ్యూజియం ఆయనకు. బండిని ఆయనకు అప్పజెప్పేస్తే అక్క మాట దక్కుతుంది. మీకూ ఈ తద్దినం వదిలిపోతుంది, నాకూ తీరిక చిక్కుతుంది.

బావమరిది

—

షెడ్డు

చిరంజీవి బావమరిదికి,

ఆలస్యానికి ఏమీ అనుకోకు.

గీత దొరికింది, చక్రం కూర్చుంది. కానీ ఇంజను ఇంకా మోగలేదు. నీళ్ల పంపు కారుతోంది. కింద పళ్లెం పెడితే నిండుతోంది. పంపు సంగతి తేలకుండా ఇంజను తిప్పడం మంచిది కాదనిపించి ఆపాను. ఏం చెయ్యాలో నిదానంగా రాయి. తొందర లేదు.

మ్యూజియం ఆయనకు ఇంకా సమయం పడుతుందని చెప్పాను.

మీ బావ

—

లేత్ షెడ్డు వెనక గది

బావా,

పంపు కారితే కంగారుపడకు. (మీరు అనడం మానేశాను. అక్కను నువ్వు అని, నిన్ను మీరు అనడం ఇన్నేళ్ల తర్వాత వింతగా తోచింది.) ముందు దాని మూత బోల్టులు ఎదురెదురుగా ఒక్కో చుట్టు చొప్పున వదులు చెయ్యి. ఒకటి పూర్తిగా తీసి ఇంకొకటి తియ్యకు, మూత వంకరపోతుంది. లోపలి ఇరుసు చుట్టూ మైనం పూసిన తాడు చుట్టి ఉంటుంది, అది ఎండిపోయి ఉంటుంది. కొత్త తాడు చుట్టు. తోలు వాషరు ఒకటి పంపుతున్నాను. సరిపోకపోతే రాయి, ఇంకోటి కోస్తాను. ఎన్నిసార్లైనా కోస్తాను.

ఇక్కడ వాన. నా గది కిటికీకి అవతల ఓడ పొట్ట తప్ప ఏమీ కనపడదు. ఓడ మారినప్పుడల్లా కిటికీ రంగు మారుతుంది. ఇప్పుడు ఎర్ర తుప్పు రంగు. అక్కకు ఈ సంగతి రాస్తే ‘నీకు రోజుకో గోడ, నాకు రోజూ అదే మొగుడు’ అని రాసింది. నీకు చెప్పిందో లేదో.

చొక్కా మోచేతుల దగ్గర చిరిగింది. నేనే కుట్టుకున్నాను. నువ్వు చూస్తే ఉరేసుకుంటావు.

పంపుకు ఎన్ని బోల్టులున్నాయో రాయి.

బావమరిది

—

షెడ్డు

బావమరిదీ,

మీ అక్క అంత మాటందా! నాకు చెప్పలేదు. ఇంకా ఏమేం రాసేదో ఒక్కోటి రాస్తూ ఉండు. నా గురించి ఎంత చెడ్డగా రాసినా ఫరవాలేదు.

పంపుకు ఆరు బోల్టులు. వాషరు వేశాను, కాస్త తగ్గింది, తెల్లారేసరికి మళ్లీ మొదలు. ఇప్పుడు తిరిగేటప్పుడు కీచుమని చప్పుడు కూడా వస్తోంది. లోపల రెక్క ఏదైనా వంగి ఉంటుందా? దీనికి చాలాకాలం పట్టేలా ఉంది.

నా సంగతులు పెద్దగా లేవు. కొట్టు ఈ మధ్య తెరవడం లేదు. వచ్చినవాళ్లను చౌరస్తా దర్జీ దగ్గరికి పంపుతున్నాను. పొద్దున లేవగానే షెడ్డులోకి వస్తాను, ఇత్తడి తుడుస్తాను, కాసేపు సీట్లో కూర్చుంటాను, మళ్లీ తుడుస్తాను. ఇంట్లోకంటే ఇక్కడే నయం. అన్నం కూడా ఇక్కడికే తెచ్చుకుంటున్నాను. మ్యూజియం ఆయన రెండుసార్లు కబురు పెట్టాడు. పంపు అని చెప్పి పంపేశాను.

జవాబు రాయి.

బావ

—

లేత్ షెడ్డు వెనక గది

బావా,

ఆ బండికి నీళ్ల పంపు లేదు.

నీ మొదటి పంపు ఉత్తరం చదివిన క్షణంలోనే తెలుసు. ఆ కంపెనీవాళ్లు ఈ చిన్న బండికి పంపు పెట్టనేలేదు. ఇంజను దగ్గర వేడెక్కిన నీళ్లు వాటంతటవే పైకెక్కి రేడియేటర్లోకి పోతాయి, అక్కడ చల్లారి వాటంతటవే కిందికి దిగుతాయి. తోసేవాళ్లు అక్కర్లేదు. లేని పంపు కారడమేమిటి, కీచుమనడమేమిటి, దానికి ఆరు బోల్టులేమిటి!

మరి నేనేం చేశాను? లేని పంపు మూతను ఏ వరసలో విప్పాలో బుద్ధిగా రాశాను. లేని పంపుకు తోలు వాషరు కోసి, కాగితంలో చుట్టి, పోస్టు చేశాను. మేస్త్రీ ‘ఏ పంపుకిది?’ అంటే నీళ్లు నమిలాను. పంపు లేదని రాసేస్తే నువ్వు సిగ్గుపడి ఉత్తరాలు మానేస్తావని భయం వేసింది బావా. పంపు ఉన్నంతకాలం ఉత్తరం వస్తుందనుకున్నాను.

ఇక్కడ నేను మూడో లేత్. ‘మూడో లేత్‌ను పిలవండి’ అంటారు. నట్టు అన్న పిలుపు అక్కతోనే పోయింది. నువ్వు కూడా ఎప్పుడూ అలా పిలవలేదు, కానీ ఆ పేరు తెలిసినవాడివి లోకంలో నువ్వొక్కడివే మిగిలావు. అది చాలు అనుకుని గడిపేవాణ్ని. షెడ్డు తలుపు ఎందుకు తియ్యలేదో కూడా చెబుతున్నాను. లోపల అక్క లేకపోవడం చూడాల్సి వస్తుందని.

ఇంకా కొన్నాళ్లు ఈ నాటకం సాగించేవాణ్నే. కానీ నువ్వు కొట్టు మూసేశానని రాశావు, షెడ్డులోనే తింటున్నానని రాశావు. అది చదివిన రాత్రే ఇది రాస్తున్నాను. అక్క నీకు బండిని బిగించమని వదిలింది కానీ అందులో కాపురం చెయ్యమని కాదు.

ఇంజను మోగింది కదూ? ఎప్పుడో మోగి ఉంటుంది. మ్యూజియం ఆయన్ను పిలువు. అక్క ఇచ్చిన మాట అది.

నట్టు

—

కుట్టు గది

నట్టూ,

నీ ఉత్తరం చదివి కొన్నాళ్లు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పంపు నా బుర్రలో పుట్టింది కాదు. ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చిన లారీ డ్రైవరు తన పంపును తిట్టుకుంటుంటే విని, బాగుంది కదా అని వాడుకున్నాను. దొంగతనం చేసినా కొలత చూసి చెయ్యాలని నా వృత్తి నాకు నేర్పలేదు.

మోగింది. నువ్వు హ్యాండిలు గురించి రాసిన వారమే మోగింది. సంత రోజు, వీధంతా సందడిగా ఉంది. బొటనవేలు నువ్వు చెప్పినట్టే పెట్టాను. మొదటిసారి దగ్గింది. రెండోసారి ఏమీ లేదు. మూడోసారి ఒక్కసారిగా అందుకుంది. ఎంత మెత్తటి చప్పుడనుకున్నావు, నా మిషను నయమైన గుడ్డ మీద నడిచినట్టుంది. ‘ఏమే, విన్నావా!’ అని కేక పెట్టాను. కేక పెట్టాక గుర్తొచ్చింది.

ఆ చప్పుడు ఆపబుద్ధి కాలేదు. వెళ్లి సీట్లో కూర్చున్నాను. డ్రైవరు సీట్లో కాదు, పక్క సీట్లో. ఎందుకంటే అటువైపు సీటు తనది కదా, ఎప్పుడూ నేను పక్కనే కూర్చునేవాణ్ని, దిమ్మల మీద ఉన్న బండిలో కూడా. అలా ఆ ఖాళీ సీటు పక్కన కూర్చుని పెట్రోలు అయిపోయేదాకా విన్నాను. ఆ తర్వాత నీకు రాద్దామని కాగితం తీశాను. ‘మోగింది’ అని రాస్తే దాని కింద ఇంకేం రాయాలి? పని అయిపోయింది, ఉంటాను, అంతే కదా. నీకు తీరిక చిక్కుతుందని రాశావు కూడా. చేతులు రాలేదు.

మొన్న మ్యూజియం వాళ్లు వచ్చారు. దిమ్మలు తీసి బండిని నేల మీదికి దింపారు. వాళ్ల డ్రైవరు, మర్యాదస్థుడు, ‘వీధి చివరిదాకా రండి, పెద్దాయనా’ అన్నాడు. వెళ్లాను. గొడుగు గౌను క్లచ్ జారకుండా పట్టుకుంది. పక్కింటావిడ ఈసారి తల తిప్పుకోలేదు, చెయ్యి ఊపింది. వీధి చివర దిగి నిలబడ్డాను, బండి వెళ్లిపోయింది. నడుచుకుంటూ ఇంటికొచ్చాను. షెడ్డులో నేల మీద నూనె మరక ఒకటుంది. కడగలేదు.

మీ నాన్నగారి చట్టం ఒకరకంగా నిజమే. తను బిగించి ఉంటే ఇంత ఒంటరిగా వినేవాణ్ని కాదు.

తన మాట దక్కింది. నీకు చాలా శ్రమ ఇచ్చాను. ఇక రాయడానికి పని ఏమీ మిగల్లేదు కాబట్టి ఉంటాను.

మీ బావ

—

లేత్ షెడ్డు వెనక గది

బావా,

ఈ ఉత్తరంలో బండి గురించి ఒక్క ముక్క ఉండదు.

నిన్న క్యాంటీన్లో నా ఎదుటి కుర్చీవాడు ఉప్పు అందించమన్నాడు. అందించాను. ఆ మాత్రానికే రోజంతా బాగుంది. చూశావా ఎలా తయారయ్యానో. నువ్వూ అక్కడ అలాగే తయారవుతున్నావని నాకు తెలుసు, దాచకు. ఇలా ఇద్దరం చెరో ఊళ్లో చెరో గోడ చూసుకుంటూ కూర్చోవడానికి ఎవరి అనుమతి కావాల్సి వచ్చిందో నాకు అర్థం కాదు. అక్క పోయినంత మాత్రాన నువ్వు నాకు బావవి కాకుండా పోతావా? ఏ సామెత చెప్పినా నేను ఒప్పుకోను.

నీకు పని లేదన్నావు కాబట్టి పని చెబుతున్నాను. నాకు చొక్కాలు కుట్టాలి. ఉన్నవన్నీ పేలికలయ్యాయి. మోచేతి దగ్గర నేను వేసుకున్న కుట్టు చూసి మేస్త్రీ గాయమా అని అడిగాడు.

కొలతలు పంపను. దారంతో కూడా తియ్యను. నువ్వే వచ్చి తీసుకో. పొద్దున రైలు దిగితే స్టేషన్లో ఉంటాను. మా గదిలో రెండో మంచం పడుతుంది, కొలిచి చూశాను. బండిని వదిలి ఎలా రాను అనడానికి ఇప్పుడు బండి లేదు.

నట్టు

—

కుట్టు గది

నట్టూ,

కత్తెర సానపట్టించాను. రెండు రకాల గుడ్డ తీసుకున్నాను, ఒకటి పనికి, ఒకటి మామూలుగా. టేపు, సుద్ద, సూదులు సర్దాను. కొట్టు తాళం పక్కింటావిడకిస్తే ‘ఎన్నాళ్లకు వస్తారు?’ అంది. బావమరిది దగ్గరికి వెళ్తున్నాను, వాడు ఎప్పుడు వదిలితే అప్పుడు అన్నాను. ఆ మాట పైకి అంటే ఎంత బాగుందో, గేటు దాటాక ఇంకోసారి అనుకున్నాను.

ఆదివారం పొద్దున రైలుకు దిగుతాను.

ఒక్క సంగతి ముందే చెబుతున్నాను. కొలతలు తీసేటప్పుడు అందరూ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగుతారు, భుజాలు విరుచుకుంటారు. నా జీవితంలో అలా చెయ్యనిది మీ అక్క ఒక్కతే. చొక్కా కుట్టాక వాళ్లకే ఇబ్బంది, రెండు ముద్దలు తింటే గుండీలు తెగుతాయి. నా దగ్గర అలాంటి వేషాలు వెయ్యకు. చేతులు వదిలేసి, ఊపిరి వదిలేసి, ఎలా ఉన్నవాడివి అలాగే నిలబడు.

బావ